చెప్పుల గంప

చక్రవర్తి కొలువు గుమ్మంలో చెప్పులు కాసేవాడు దాలయ్య. చక్రవర్తి పీడ విరగడయ్యాక, ఆయన కింద నలిగిన అయిదుగురు రాజులు అదే కొలువులో సమావేశమయ్యారు. కోట బయట ఉరికొయ్యలు ఇంకా పీకలేదు. దాలయ్య కొడుకు ప్రాణం పోయింది వాటిమీదే.

ఇకమీదట ఎవరికీ తలవంచకుండా ఒక్కటవుదామని వచ్చినవాళ్ళు, ఎత్తుపీట ఎవరిదన్న దగ్గరే కత్తులు దూశారు.

"చక్రవర్తి ఉండగా మొదటి స్థానం నాది!"

"నీది కాదు, నాది!"

చివరికి దాలయ్యను సాక్ష్యానికి లాక్కొచ్చారు. "ఆయన మాలో ఎవరిని పెద్దగా చూశాడో చెప్పరా!"

ఏ పేరు చెప్పినా మిగతా నలుగురూ తన తల తీస్తారని దాలయ్యకు తెలుసు. బయటికెళ్ళి, గంప తెచ్చి వాళ్ళముందు దించాడు. అందులో అయిదుగురి చెప్పులూ కలగలిసి పడున్నాయి.

"మీ అందరివీ ఈ ఒక్క గంపలోనే పడెయ్యమనేవారు, మహాప్రభో. ఆయన దృష్టిలో మీలో పెద్దా చిన్నా లేదు. ఆయన ముందు చెప్పులతో నిలబడకూడదు గనక అప్పుడు మీరు విప్పేవారు. మరి ఇవాళ ఎవరికి భయపడి విప్పారు?"

రాజులు తమ వట్టి కాళ్ళకేసి చూసుకున్నారు. కత్తులు ఒరల్లోకి వెళ్ళాయి. గంపలోకి ముందుగా చెయ్యి పెట్టడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు.