ప్రసూన గొంతు పోయిన రోజు

"నూకరత్నానికి మాట వస్తుందా, రాదా? ఆ సంగతి తేల్చి చెప్పండమ్మా," అని అడిగింది ప్రసూన.

భ్రమరాంబగారు ఎవరడిగినా సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లల కోసం ముప్పై ఏళ్లుగా బడి నడుపుతున్న ఆవిడ, ప్రశ్న వింటే ఏదో ఒక పని పురమాయిస్తారు, అంతే. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రసూనకి ఆ వేళ అంత ఓపిక లేదు. పదకొండేళ్ల నూకరత్నం బొమ్మ చూపిస్తే 'పండు' అంటుంది, 'గిన్నె' అంటుంది. తనంతట తాను నోరు తెరిచి ఎవరినీ ఏమీ అడగదు. ఏడాది చూసి విసిగిపోయిన తల్లి, మర్నాడు వచ్చి పిల్లని బడి మాన్పించి తీసుకుపోతానని కబురు పెట్టింది.

"రేపు నీకు గొంతు పోయిందనుకో," అన్నారు భ్రమరాంబగారు. "బడి వదిలేదాకా ఒక్క మాటా వద్దు."

ప్రసూన నోటికి తాళం వేయడం అంత తేలికైన పనేమీ కాదు. మంచిపిల్లే, పిల్లలంటే ప్రాణం. ఆ ప్రేమ కొద్దీ 'ఏం కావాలమ్మా, నీళ్లా? ఇదుగో నీళ్లు' అని ప్రశ్నా జవాబూ ఒక్క ఊపిరిలో కానిచ్చేస్తుంది. నూకరత్నం పెదవి కదిలేలోపే గ్లాసు చేతిలో ఉంటుంది.

మర్నాడు పొద్దున్నించీ ప్రసూన పళ్లబిగువున ఊరుకుంది. నూకరత్నం రెండుసార్లు వచ్చి చున్నీ లాగింది, ముఖంలోకి వెతుక్కుంటూ చూసింది, బెంగగా వెనక్కి వెళ్లిపోయింది.

అన్నాల వేళకి తల్లి వచ్చింది. మేకుకి వేలాడుతున్న కూతురి సంచి తీసి ఒళ్లో పెట్టుకుని గోడవారన కూర్చుంది. "తిన్నాక తీస్కెళ్లిపోతానండి," అంది.

ఆ బడిలో వడ్డనకి ఒక కట్టుబాటుంది. చెయ్యి అడ్డం పెడితే వంటమనిషి అప్పయమ్మ ఆగదు. నోటితో 'చాలు' అనాలి, ఎంత ముద్దగా అన్నా సరే. నూకరత్నం తరఫున ఆ మాట రోజూ ప్రసూనే అనేది. ఆ రోజు అప్పయమ్మ ముందు ప్రసూన పళ్లెం దగ్గరికే వచ్చింది. ఒక గరిటె చారు పోసింది, రెండు పోసింది, మూడు పోసింది. ప్రసూన చేతులు ఆడించింది, తల తిప్పింది.

"నోటితో చెప్పాలండీ పంతులమ్మగారూ," అంటూ నాలుగోది పోసింది. భ్రమరాంబగారు ముందే చెప్పి ఉంచారో, అప్పయమ్మ పట్టుదలే అంతో మనకి తెలియదు. చారు అంచు దాటి చాప మీదికి పారింది. ప్రసూన దీనంగా చూస్తే, భ్రమరాంబగారు తాపీగా మజ్జిగ కలుపుకుంటున్నారు.

ఐదో గరిటె లేచేసరికి నూకరత్నం చెయ్యి వచ్చి అప్పయమ్మ మణికట్టు పట్టుకుంది. పెదవులు రెండుసార్లు ఊరికే కదిలాయి. ఎవరూ సాయం రాలేదు.

"చాలు," అంది. మళ్లీ ఊపిరి కూడదీసుకుని, "అక్కకి... చాలు," అంది.

అప్పయమ్మ గరిటె దింపేసింది. ప్రసూనకి ఏడుపు ఆగలేదు. తల్లి లేచి, సంచి మళ్లీ మేకుకి తగిలించి, కూతురి పక్కన చతికిలబడింది. "నా తల్లే! ఇంకోటి అనమ్మా. ఏం కావాలి నీకు? అప్పడం కావాలా? కావాలి కదూ? ఏయండి అప్పయమ్మగారూ, అప్పడం ఏయండి!"

తెరవబోయిన నోరు నూకరత్నం మూసేసుకుంది. నిన్నటిదాకా తను చేసిందేమిటో ప్రసూనకి అప్పుడు కళ్లకు కట్టింది. సిగ్గేసింది. మాట్లాడకూడదు గనక, తల్లి చేతి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"కాస్త ఆగమ్మా," అన్నారు భ్రమరాంబగారు పళ్లెంలోంచి తల ఎత్తకుండానే. "జవాబు బయల్దేరే ఉంటుంది. రానియ్యి."