కుడిచేతి బ్రేకు

వరాలమ్మ గారిని ప్రశ్న అడగాలంటే ఆ కొండమీద ఆశ్రమంలో అందరికీ జంకే. ఆవిడ కోప్పడుతుందని కాదు. జవాబు చెప్పదు, పని చెప్తుంది. మనసు నిలవడం లేదమ్మా అని ఒకాయన వాపోతే గేదెను కడిగి రమ్మంది. చావంటే ఏమిటమ్మా అని ఓ పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంటే బుట్టెడు చింతపండు ముందు పెట్టి పిక్కలు తియ్యమంది. వాళ్లకి జవాబు దొరికిందో లేదో వాళ్లకే తెలియాలి. గేదె మాత్రం శుభ్రపడింది. ఆవిడ ఒకప్పుడు సర్కారు నర్సుగా చేసి, చుట్టుపక్కల కొండ ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగి పురుళ్లు పోసిన మనిషి. మోకాళ్లు మొరాయించాక సైకిలు దిగింది గానీ, మనుషులకి పని చెప్పడం మానలేదు.

ఇంత తెలిసీ ఆ రోజు పొద్దున్నే భుజంగరావు ప్రశ్న పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాడంటే, ఆయన ఒళ్లు ఎంత మండి ఉందో అర్థం చేసుకోవచ్చు. భుజంగరావు ఆశ్రమం వ్యవహారాలు చూసుకునే శిష్యుడు. ఉద్యోగమంతా బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేస్తూ గడిపాడు. ప్రయాణికుడు నిద్రపోతుంటే నటిస్తున్నాడనుకునేవాడు. మెలకువగా ఉంటే, ఇంత మెలకువ ఎందుకబ్బా అనుకునేవాడు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆయన అనుమానం రిటైరవలేదు, పెట్టె సర్దుకుని ఆయనతోపాటే కొండెక్కింది. పాలలో నీళ్లు, బియ్యంలో రాళ్లు, భక్తుల్లో దొంగ భక్తులు, అన్నీ ఆయనకే కనిపించేవి. చెడ్డవాడేమీ కాదు. ఆశ్రమమంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎవడో ఎత్తుకుపోతాడేమోనని రాత్రీ పగలూ బెంగ.

ఆ బెంగకి తగ్గట్టే దాలినాయుడు దొరికాడు. సంతల్లో సైకిళ్లు ఎత్తుకుపోయి జైలుకెళ్లొచ్చినవాడు. విడుదలై ఇంటికెళ్తే అన్నదమ్ములు గడప తొక్కనివ్వలేదు. కాళ్లీడ్చుకుంటూ కొండెక్కి వస్తే వరాలమ్మ గారు అన్నం పెట్టి ఉండమంది. ఇక్కణ్ణుంచి కూడా పొమ్మంటే వాడికి పోవడానికి చోటు లేదు. ఆవిడ ఉండమంది కాబట్టి భుజంగరావు కాదనలేదు. కానీ వచ్చిన నాటినుంచీ వాడి చేతికి చీపురు తప్ప ఇంకోటి ఇవ్వలేదు. గిన్నె ముట్టుకోబోతే వద్దనేవాడు, దీపంలో నూనె పొయ్యబోతే నేను పోస్తాలే అనేవాడు. సామానుగది తాళంచెవి సరేసరి, అది భుజంగరావు మొలతాడుకే వేలాడేది.

అలాంటిది, ముందురోజు భుజంగరావుకి పన్నునొప్పి పుట్టి డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. తాళంచెవి దాలినాయుడికిచ్చి వెళ్లమంది వరాలమ్మ గారు. ఇచ్చాడు. పన్ను పీకించుకుని సాయంత్రం తిరిగొచ్చి చూస్తే ఏముంది, సామానుగది తలుపు బార్లా తెరిచి ఉంది. కార్తీక సోమవారం పరమాన్నం కోసం తెప్పించిన బెల్లం మొత్తం బుట్టతో సహా మాయం. కోతులు తినేశాయన్నాడు దాలినాయుడు, తల దించుకుని. గొళ్లెం పెట్టి తాళం వేసే వెళ్లాడట, ఎలా ఊడిందో తెలీదట! కోతులట! భుజంగరావు నమ్మితే ఒట్టు. కోతులు బుట్టతో సహా తింటాయా?

"అమ్మా, ఒక్క ప్రశ్న," అన్నాడు, వాచిన దవడ పట్టుకుని. "ఒకసారి చెడినవాణ్ణి మళ్లీ నమ్మొచ్చా? నిన్న నమ్మి చూశాం. ఏమైందో మీరే చూశారు. నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నాను. ఇవాళ వాణ్ణి పంపించేస్తారా, లేక నన్ను వెళ్లిపొమ్మంటారా?"

వరాలమ్మ గారు చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తి చూసింది. "ముందు బెల్లం లేదు కదా నాయనా," అంది. "సైకిలేసుకుని కిందికెళ్లి పట్టుకురా. వచ్చాక చెప్తాను."

సైకిలంటే, విశాఖపట్నం నుంచి వచ్చిన ఓ కుర్ర భక్తుడు వదిలేసి వెళ్లిన రేసు సైకిలు. సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. పంచె ఎగ్గట్టి, వంగి దాన్ని తొక్కే భుజంగరావుని చూసి దారిలో పిల్లలు కేకలేసేవారు. దానికి రెండు బ్రేకులున్నా ఆయన వాడేది ఎడమచేతిదొకటే, వెనక చక్రానిది. కుడిచేతి బ్రేకు నొక్కితే ముందు చక్రం బిగుసుకుని మనిషి హ్యాండిలు మీంచి ఎగిరి మూతి పగలగొట్టుకుంటాడని చిన్నప్పుడు వాళ్ల మేనమామ చెప్పాడు. మేనమామకి ఎప్పుడైనా అలా అయిందా అంటే, లేదు. ఆయనకీ ఎవరో చెప్పారు. ఆ సైకిలు చేతికొచ్చిన రోజునుంచీ భుజంగరావు కుడిచెయ్యి హ్యాండిలునే పట్టుకుంది తప్ప ఆ బ్రేకు మీద వేలైనా వెయ్యలేదు.

దిగడం మొదలుపెట్టాడు. ఘాటు రోడ్డు, రాత్రి మంచుకి తడిసి ఉంది. కోపంలో ఉన్నవాడు నెమ్మదిగా దిగుతాడా? మొదటి మలుపు తిరిగాడు, రెండోది తిరిగాడు. ఎడమచేతి బ్రేకు నొక్కిపట్టి ఉంచీ ఉంచీ వెనక రబ్బర్లు వేడెక్కాయి, పట్టు తగ్గింది. లోయ పక్కన పెద్ద మలుపు వచ్చేసరికి వెనక చక్రం జర్రున పక్కకి జారింది.  చెయ్యి తనంతట తనే కుడి బ్రేకు నొక్కింది. అది కదిలితేనా! రాయిని నొక్కినట్టుంది. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టి, హ్యాండిలు కొండవైపుకి తిప్పేశాడు. రోడ్డు పనికి పోసిన ఇసక కుప్పలో మోకాళ్లదాకా దిగబడి ఆగాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, పంచె చిరిగింది, బతికి బట్టకట్టాడు.

ఇసకలో కూచుని ఊపిరి తీసుకున్నాడో లేదో, మొదట వచ్చిన ఆలోచన ఒకటే. వాడే! సైకిళ్ల దొంగ! తనని పంపించేస్తారని పసిగట్టి రాత్రికి రాత్రి బ్రేకు చెడగొట్టాడు! అంతే, నొప్పి ఎటు పోయిందో తెలీదు. సైకిలు నెట్టుకుంటూ కొండెక్కి, రొప్పుతూ, వాకిట్లో అందరిముందూ నిలబడి, "నన్ను చంపడానికి చూశాడు వీడు!" అని దాలినాయుడి మీద వేలెత్తాడు. చీపురు పట్టుకుని ఊడుస్తున్న దాలినాయుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "నాను దాన్ని ముట్టుకోలేదు బాబూ," అన్నాడు. 

వరాలమ్మ గారు ముందు భుజంగరావు మోచెయ్యి కడిగి మందు రాసింది. తర్వాత సైకిలు ముందు చక్రం దగ్గరికొచ్చి, వంగి, బ్రేకు చేతుల మధ్యకి చూపించింది. అక్కడ కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంది. పాతది, ఎండి రాయైపోయింది. బ్రేకు తీగ పొడవునా తుప్పు. రబ్బర్లు గాజు పెంకుల్లా నున్నబడి బిరుసెక్కాయి.

"దీన్నెవరూ ముట్టుకోలేదు భుజంగరావూ," అంది. "నువ్వు ఆఖరిసారి ఎప్పుడు నొక్కావు?"

"నేనెందుకు నొక్కుతానమ్మా? ముందు బ్రేకుని నమ్మకూడదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇవాళ రుజువైంది కూడా! దాన్ని ఊడదీయించి పారేస్తాను."

ఆవిడ ఆ మాట విననట్టే, "దాలినాయుడూ, చీపురు అక్కడ పెట్టి ఇటురా. ఈ బ్రేకు సంగతి చూడు," అంది.

"నాకేటి తెలుసమ్మా," అన్నాడు వాడు బిక్కచచ్చిపోయి. "సైకిళ్లని అట్టుకుపోడం తెలుసు గానీ బాగు సెయ్యడం తెల్దు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "నోటితోనే ఒప్పుకున్నాడు చూశారా!" అన్నాడు భుజంగరావు. వరాలమ్మ గారు పీట వేయించుకుని కూచుంది. "నే చెప్తాను, నువ్వు చెయ్యి," అంది దాలినాయుడితో.

మట్టిగూడు గీకించింది. తీగని విప్పించి, తుప్పు తుడిపించి, తొడుగులోకి కుట్టుమిషను నూనె బొట్టుబొట్టుగా పోయించింది. నూనె చేత్తో రిమ్ము ముట్టుకోవద్దని కసిరింది. రిమ్ముకి నూనె తగిలితే బ్రేకు ఉన్నా లేనట్టే. సబ్బునీళ్ల గుడ్డతో రిమ్ము తుడిపించింది. రబ్బర్లు ఊడదీయించి, నున్నటి పొర పోయేదాకా గరుకు బండ మీద రుద్దించింది. తిరిగి బిగించేటప్పుడు వచ్చింది తంటా. మొదటిసారి తీగ మరీ లాగి బిగించాడు, చక్రం తిరగలేదు. భయపడి వదులు చేశాడు, ఈసారి బ్రేకు హ్యాండిలుదాకా వచ్చేసింది. చెమటలు కారిపోతున్నాయి వాడికి. "రిమ్ముకీ రబ్బరుకీ మధ్య రూపాయి బిళ్ల దూరాలి, అంతే. అటూ ఇటూ సమానంగా. టైరుకి మాత్రం తగలకూడదు," అంది ఆవిడ, విసుక్కోకుండా. మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు.

భుజంగరావు, మీద ఈగ వాలినా తోలుకోకుండా, చూస్తూ నిలబడ్డాడు. ఆ నట్టు పూర్తిగా తిప్పాడా, సగంలో వదిలేశాడా? ఆ పానా ఎందుకు అటు దాచాడు? దాచలేదు, పక్కన పెట్టాడు. అయినా ఎందుకు పెట్టాడు? దొంగచేతి పని ఎక్కడ మోసం చేస్తుందో ఎవరికి తెలుసు!

చక్రం ఎత్తి తిప్పితే ఎక్కడా రాసుకోకుండా తిరిగింది, నొక్కితే ఠక్కున ఆగింది. "ఇక వెళ్లి బెల్లం పట్టుకురా," అంది వరాలమ్మ గారు.

"దీని మీదా? నేనా?" భుజంగరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ముందు వాణ్ణి తొక్కుకుని వెళ్లి రమ్మనండమ్మా."

"సరే. సైకిలు వాడికిచ్చి కిందికి పంపమంటావా?"

 సైకిళ్ల దొంగకి సైకిలిచ్చి పంపడమా? ఇస్తే సైకిలు పోతుంది. ఇవ్వకపోతే వాడు బిగించిన బ్రేకు మీద తన ప్రాణం పెట్టాలి. జన్మలో ఇంత ఇరకాటంలో ఎప్పుడూ పడలేదాయన. వాకిట్లో అందరూ తననే చూస్తున్నారు, దాలినాయుడు తప్ప. వాడు నేలనే చూస్తున్నాడు. చివరికి సంచి భుజాన తగిలించుకుని సైకిలెక్కాడు.

"రెండూ కలిపి నొక్కు," అని వెనకనుంచి చెప్పింది ఆవిడ. "కుడిదాన్ని ఒక్కసారిగా బిగబట్టకు, మెల్లగా. మలుపులోకి వెళ్లకముందే. ఒళ్లు కాస్త వెనక్కి వెయ్యి."

మొదటి మలుపు ముందు కళ్లు మూసుకోబోయి, మూసుకుంటే ఎలా అని తెరిచాడు. రెండు చేతులూ మెల్లగా నొక్కాడు. సైకిలు పెద్దమనిషిలా నెమ్మదించింది. ఎగిరి పడలేదు, మూతి పగల్లేదు. పెద్ద మలుపు దగ్గర, పొద్దున తను పడిన ఇసక కుప్ప ఎదురుగా, గట్టిగానే నొక్కవలసి వచ్చింది. పట్టింది. లోయ అంచున సైకిలు నిలబడిపోయింది. భుజంగరావు ఒక కాలు నేల మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

అప్పుడు, ఎందుకో గానీ, సామానుగది గొళ్లెం గుర్తొచ్చింది. ఆ గొళ్లెం మామూలుగా వేస్తే పడదు. పైకెత్తి, నొక్కి, అప్పుడు లాగాలి. లేకపోతే పడినట్టే ఉండి, తాళం వేసినా ఊడిపోతుంది. ఆ సంగతి ఆశ్రమంలో తనకొక్కడికే తెలుసు. నిన్న తాళంచెవి ఇచ్చేటప్పుడు చెబుదామనుకున్నాడు. ఆనక, వీడికెందుకు చెప్పాలి, ఏం చేస్తాడో చూద్దాం అనుకుని, చెప్పలేదు. సిగ్గుతో మొహం కాలిపోయింది. అక్కడ చూసేవాళ్లెవరూ లేకపోయినా తల దించుకున్నాడు.

బెల్లం కొనుక్కుని, సైకిలు నెట్టుకుంటూ ఎక్కుతుంటే సగం దారిలోనే దాలినాయుడు ఎదురొచ్చాడు. పొద్దుటినుంచీ మెతుకు ముట్టినట్టు లేడు. "పట్టిందా బాబూ?" అన్నాడు దూరంనుంచే. "మీరు దిగిన కాణ్ణుంచీ నా పేనం నా దగ్గర లేదు."

భుజంగరావు తలూపి సైకిలు ఆపాడు. బెల్లం సంచి తీసి వాడి చేతికిచ్చాడు. ఇద్దరూ కలిసి కొండెక్కి నేరుగా సామానుగది దగ్గరికెళ్లారు. "ఇదిగో, పైకెత్తి, నొక్కి, అప్పుడు లాగాలి," అన్నాడు భుజంగరావు. "ఇది నిన్న నీకు నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు." దాలినాయుడు ఆయన మొహంలోకి ఒకసారి చూసి, గొళ్లెం పట్టుకున్నాడు. మొదటిసారి ఊడిపోయింది. రెండోసారి పడింది.

సాయంత్రం దీపాలు పెట్టాక భుజంగరావు వచ్చి వరాలమ్మ గారి ముందు కూచున్నాడు. నిన్న సాయంత్రం వెనక్కి తీసుకున్న తాళంచెవి ఇంకా ఆయన మొలతాడుకే ఉంది, దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు.

"అమ్మా, పొద్దున అడిగిన ప్రశ్న..."

"బ్రేకు పట్టిందా?" అంది ఆవిడ.

"పట్టిందమ్మా."

"అయితే రోజూ కాస్త నొక్కుతూ ఉండు నాయనా. ప్రాణం మీదికొచ్చిన రోజే మొదటిసారి నొక్కకు."