మేక మింగిన పన్ను

భూమ్మీదున్న తెలివిలో సగం తమ ఇంటికే వచ్చిందని అప్పలకొండ నమ్మకం. మిగతా సగమూ తమదేననీ, ఇరుగుపొరుగు బదులు తీసుకెళ్ళి తిరిగివ్వలేదనీ అతని పెళ్ళాం నరసాయమ్మ అంటుంది.

అంత తెలివిగల ఇంట్లో ఒకటే బెంగ. కూతురు పైడమ్మకి తొమ్మిదేళ్ళొచ్చినా పైవరసలో ముందుపన్ను ఒకటి రాలేదు. బళ్ళో పిల్లలు ఏడిపిస్తుంటే పాపం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అది చూస్తే అప్పలకొండ ప్రాణం ఉసూరుమనేది. ఇక ఉండబట్టలేక పట్నం తీసుకెళ్ళాడు.

పళ్ళ డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. చిగుళ్ళలో దారికడ్డంగా ఉన్న చిన్న అదనపు పన్నొకటి పీకేసింది. తర్వాత ఫిలింని వెలుతురుకి పట్టి చూపించింది. "ఇదిగో, మీ అమ్మాయి పన్ను ఇక్కడుంది. అడ్డం తీసేశాం కదా, దానంతటదే వస్తుంది. ఆర్నెల్లు కనిపెట్టుకుని ఉండండి" అంది.

ఇంకేముంది, పన్ను ఫిలింలో ఉందన్నమాట. అప్పలకొండ దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చి చాపమీద పడుకోబెట్టాడు.

"ఏటయ్యా, దారికి అడ్డం తీసేస్తే అదే వస్తాదన్నారని చెప్పినావు కదా" అని గుర్తుచేసింది నరసాయమ్మ.

అంతే. మంచం తీసి వీధిలో పడేశారు. గడప పెరికారు. తలుపులూ ఊడదీశారు. ఇద్దరూ ఫిలిం పక్కన కూర్చుని రెప్పవెయ్యకుండా కనిపెట్టుకుని ఉన్నారు. మూడోనాడు మధ్యాహ్నం ఇద్దరికీ కునుకు పట్టింది. తలుపుల్లేని ఇల్లాయె, పెంపుడు మేక తిన్నగా లోపలికొచ్చి ఫిలిం కాస్తా నమిలి మింగేసింది.

నరసాయమ్మ గుండెలు బాదుకుంది. అప్పలకొండకి నిజంగానే ఏడుపొచ్చింది. అయినా తెలివి ఊరుకోదు కదా. "కడుపులో ఉన్నా అడ్డం లేకపోతే అదే వస్తాదే" అని మేక మెడలో తాడు విప్పేశాడు. ఆనాటినుంచి మేక ఎక్కడ మేస్తే ఇద్దరూ అక్కడే కాపలా.

ఐదోనెలలో పైడమ్మ నోట్లో పన్ను తెల్లగా తొంగిచూసింది. పిల్ల చెయ్యి అడ్డం లేకుండా నవ్వింది. అప్పలకొండ ఆనందం పట్టలేక మేకని ముద్దాడబోయి దాని నోట్లోకి చూశాడు. పైన ముందుపళ్ళు ఒక్కటీ లేవు. ఏ మేకకీ ఉండవని అతనికి ఎవరు చెప్పాలి?

మర్నాడు మేకని భుజానేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్ళాడు.

"దీనికీ ఫొటో తియ్యండి డాక్టరమ్మా. పిల్ల ఫొటో మేక తింటే పిల్లకి పన్నొచ్చినాది. మేక ఫొటో పిల్ల తింటే మేకకి రాదేటి?"

పైడమ్మ కొత్తపన్ను కనబడేలా నవ్వి, సంచిలోంచి ఉప్పూకారం పొట్లం తీసి సిద్ధంగా కూర్చుంది.