చప్టా మీద ఆగిన జీపు

ఇప్పలవాగు అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, కోతులు, ఒక ఎలుగుబంటి, ఒక ముళ్ళపంది, ఒక కొండముచ్చు ఉండేవి. అన్నిటికీ కలిపి ఒక్కటే జీపు. దాన్ని నడిపేది కొండముచ్చు భద్రయ్య. అది వాళ్ళ తాత నడిపిన జీపు. తాత కూర్చున్న సీటు, తాత కొట్టిన హారను. జీపు శబ్దం కన్నా భద్రయ్య గొప్పలే ఎక్కువ దూరం వినిపించేవి.

వాగు పొంగితే పల్లంలో ఉన్న పిల్లలందరినీ ఆ జీపులోనే చప్టా దాటించి గుట్ట మీదికి చేర్చాలి. చప్టా అంటే వాగుకు అడ్డంగా నేలబారుగా కట్టిన దారి. దాని మీద నీళ్ళు తక్కువగా ఉన్నంతసేపే బండి పోతుంది.

అందుకే భద్రయ్య ఇంట్లో ఒక ఆచారం ఉంది. తొలకరికి ముందే టాంకు నిండా పెట్రోలు పోసి, వరద వచ్చేదాకా బండిని ముట్టుకోరు. దానికి "వరద పెట్రోలు" అని పేరు పెట్టి, రోజూ పొద్దున్నే దండం కూడా పెడతారు.

ఆ ఏడు ఎలుగుబంటి పోతయ్య తన బంకులో కొత్త పెట్రోలు అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పపువ్వు సారా అందులో ఐదింట ఒక వంతు కలిపాడు. పని మంచిదే. పట్నం నుంచి మోసుకురావాల్సిన డబ్బాలు తగ్గాయి. కుందేలు కొన్న కొత్త స్కూటరు ఆ పెట్రోలుతో హాయిగా తిరిగింది కూడా. భద్రయ్యా ఆ ఏటి వరద పెట్రోలు అక్కడే పోయించాడు.

కానీ చెప్పాల్సిన మాట పోతయ్య గట్టిగా చెప్పలేదు. "పాత బండ్లు జాగ్రత్త" అని పంపు వెనక రాసి ఊరుకున్నాడు. ఆ అక్షరాలు చదవాలంటే చీమకైనా కళ్ళద్దాలు కావాలి.

ముళ్ళపంది గురవమ్మ మాత్రం చదివింది. ఆమె అడవికంతటికీ మెకానిక్కు. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటరు బెజ్జాలను తన ముల్లుతోనే శుభ్రం చేస్తుంది. వెంటనే ఒక కొత్త పైపు మెడలో వేసుకుని భద్రయ్య దగ్గరికి పోయింది.

"తమ్ముడూ, ఈ పెట్రోల్లో సారా ఉంది. నీ పాత రబ్బరు పైపును అది తినేస్తుంది. పైగా గాలిలో తడినంతా తాగుతుంది. నీ టాంకు మూతకు రబ్బరే లేదు, గుడ్డపీలిక చుట్టావు. పైపు మార్చు. పెట్రోలు నిలవ పెట్టకుండా వారం వారం బండి తిప్పు."

"మా తాత ముప్పై వరదలు దాటించాడు ముళ్ళక్కా. ఒక్క పైపూ మార్చలేదు."

"మీ తాత పోసింది సారా కాదు నాయనా."

"అయితే ఏం? తాగిన జీపు తూలుతుందా?" అని భద్రయ్య పళ్ళికిలించాడు. చుట్టూ ఉన్న కోతులన్నీ కిచకిచా నవ్వాయి.

"తూలదు, ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందా అనే నా భయం."

"నీ పైపు నీ మెడలోనే ఉంచుకో. గొలుసులా బాగుంది!"

గురవమ్మ అలాగే ఉంచుకుంది. ఒక్కరోజు కూడా తీయలేదు.

నలభై రోజులు ముసురు పట్టింది. ఒక పొద్దున కొండల్లో వాన దంచింది. వాగు ఎర్రగా తిరిగింది. తల్లులు పిల్లల్ని జీపులోకి విసిరినట్టే ఎక్కించారు. దుప్పి కూనలు, పంది కూనలు, కుందేలు పిల్లలు, పోతయ్య ముద్దుల కూతురు చిట్టి, మొత్తం పదిహేను మంది.

కార్బురేటరులో మిగిలిన చుక్కతో ఇంజను లేచింది. భద్రయ్య తాత హారను కొట్టాడు. జీపు చప్టా మధ్యకు వచ్చింది. ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి. భద్రయ్య తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. కిర్రుమనడమే తప్ప ఇంజను లేవలేదు.

"మామా, నీళ్ళు నా కాళ్ళకు తగులుతున్నాయి," అంది దుప్పి కూన.

అవతలి ఒడ్డున గుట్ట కింద పోతయ్య "చిట్టీ! చిట్టీ!" అని గుండెలు బాదుకుంటున్నాడు.

గురవమ్మ అప్పటికే నీళ్ళలో దిగింది. జీపు పట్టుకుని ముందుకు పాకి, టాంకు కింది బిరడా విప్పింది. తెల్లగా, మడ్డిగా ఏదో కారింది.

"చూడు! సారా నీళ్ళు తాగి అడుగున కూర్చుంది, పెట్రోలు పైన తేలింది. నీ ఇంజను పీల్చేది అడుగు నుంచే. ఇంతసేపూ దానికి నీళ్ళు తాగించావు!"

పెట్రోలు వాసన ఘాటుగా కొట్టగానే బిరడా బిగించింది. పాత పైపు లాగితే జిగటగా ముక్కలైంది. ముల్లుతో కార్బురేటరు బెజ్జం పొడిచి శుభ్రం చేసింది. మెడలోని పైపు తీసి తొడిగింది. కానీ దాన్ని బిగించే క్లిప్పు తుప్పు పట్టి చేతిలోనే విరిగింది.

నీళ్ళు పిల్లల మోకాళ్ళ దాకా వచ్చాయి.

"ఒరే భద్రయ్యా, ముందుకు రా! నీ తోక చుట్టి ఈ పైపు బిగించి పట్టుకో. ప్రాణం పోయినా వదలకు!"

తాత సీటు వదిలి, భద్రయ్య ఇంజను పక్కన వేలాడుతూ తన పొడుగాటి తోక పైపుకు చుట్టాడు. గురవమ్మ సీటు మీద నిలబడి తాళం తిప్పింది.

ఒకసారి. లేవలేదు. రెండోసారి. దగ్గింది. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. మూడోసారి ఇంజను గర్జించింది.

ఇంజను వేడికి భద్రయ్య తోక చివర చుర్రుమంది. బొచ్చు కాలిన కంపు కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా వదల్లేదు. జీపు గట్టెక్కింది. వెనక చప్టా మీద దుంగలు దొర్లుకుంటూ పోయాయి.

గుట్ట మీద పోతయ్య కూతుర్ని ఎత్తుకుని గురవమ్మ ముందు నిలబడ్డాడు.

"నేను రాశానమ్మా, పంపు వెనక..."

"రాయడం ఒకటి, చెప్పడం ఒకటి," అంది గురవమ్మ.

మర్నాడే బంకు ముందు మూరెడేసి అక్షరాలతో "పాత బండ్లు జాగ్రత్త" అని బోర్డు లేచింది. జీపు తాళం గురవమ్మ బొరియలో వేలాడింది. ఇప్పుడు తొలకరికి ముందు ఆమె పైపులన్నీ చూస్తుంది, ముసురు పట్టినా వారం వారం జీపును తిప్పి తాజా పెట్రోలు పోయిస్తుంది. అడవిలో ఎవరి బండి దగ్గినా ముందు ఆమె గుమ్మమే తొక్కుతారు.

బోడి తోకతో భద్రయ్య అప్పుడప్పుడూ వచ్చి నసుగుతాడు.

"అక్కా, ఒక్కసారి నడపనా?"

"ముందు ఆ బోర్డు చదివి వినిపించు తమ్ముడూ," అంటుంది గురవమ్మ.

నీతి: బండిలో పోసేది మారినప్పుడు బండివాడి అలవాటూ మారాలి, తాత గొప్పలు టాంకులో పోస్తే బండి నడవదు.