కుండలో ఎండ

పొద్దు కూడా తన గంట విన్నాకే పొడవాలనుకునే రణధవళుడు ఏలిన ఒకానొక రాజ్యంలో ప్రతి పనికీ గడువుండేది. బియ్యం పొయ్యి మీద పెట్టాక గడియకు వంటశాల కంచుగంట మోగేది. మోగితే అన్నం దించాల్సిందే. రాజు తొలి విత్తు వేసిన నూట పదో రోజున ఊళ్ళన్నీ జొన్న కోయాల్సిందే. కోయని చేను కోటకు జప్తు.

ఆ ఏడు చలి వదల్లేదు. నూట ఏడో రోజుక్కూడా గింజ కొరికితే పచ్చిపిండే. అప్పుడు కోస్తే ఏడాది తిండికి పొట్టు మిగులుతుంది. గానుగాడించే నాగసానికీ మూడెకరాల చేనుంది. ఆమె నేరుగా సభకు వెళ్ళింది.

"ప్రభూ, పైరు రోజుల్ని లెక్కపెట్టదు. వేడిని తింటుంది. దాని కడుపింకా నిండలేదు."

"వేడికి లెక్కేమిటే? నువ్వు కొలిచావా?"

"కొలిచాను. వేపనూనె, కొబ్బరినూనె, నెయ్యి మూడు గిన్నెల్లో చేనిగట్టున పెడతాను. చలికి ముందు నెయ్యి గడ్డకడుతుంది, ఆఖర్న వేపనూనె. విత్తిన నాటినుంచీ పొద్దునోసారి, మధ్యాహ్నమోసారి చూసి, కరిగున్న గిన్నెకొక చింతగింజ కుండలో వేస్తాను. ఏ ఏడైనా కుండ నిండాకే గింజ గట్టిపడింది. ఈసారి నాలుగు వేళ్ళ వెలితి."

"చింతగింజలు చెబితే రాజాజ్ఞ మారాలా?"

సభ పగలబడి నవ్వింది. నాగసాని నవ్వలేదు.

"పోనీ, రేపొక్క పూట ఏలినవారికి వండిపెట్టనివ్వండి."

కాళ్ళబేరానికొచ్చిందనుకుని రాజు సరేనన్నాడు.

మర్నాడామె పొయ్యిలో రెండే రెండు పచ్చికట్టెలు పెట్టింది. పొగ తప్ప మంట లేదు. గంట మోగగానే దించి వడ్డించింది. మొదటి ముద్దకే రాజు పళ్ళ కింద గింజలు కరకరలాడాయి.

"ఏమిటే ఇది, బియ్యం వడ్డించావా?"

"అన్నమే ప్రభూ. గడియ అయింది. గంట కొట్టినాయన్ని అడగండి."

"పొయ్యిలో మంట లేకుండా గంట మోగితే ఉడుకుతుందటే!" అని అరిచిన రాజు ఠక్కున ఆగిపోయాడు.

నాగసాని వెలితి కుండ తెచ్చి విస్తరి పక్కన పెట్టింది.

రాజు విస్తట్లోకి చూశాడు, కుండలోకి చూశాడు. పొలమారేదాకా నవ్వాడు.

"ఇంకా ఎన్నాళ్ళు?"

"ఎండ కాస్తే పది రోజులు, మంచు పడితే పదిహేను. కుండ నిండిన రోజున కోస్తాం."

ఆజ్ఞ రద్దయింది. పదమూడో రోజున కుండ నిండింది. ఆనాడు రాజే చేలోకి వచ్చి గింజ కొరికాడు. టప్పుమంది. ఆమెకు బంగారు కడియాలిచ్చి, ఊరూరా గట్టుమీద మూడేసి గిన్నెలు పెట్టించాడు.

వంటశాల గంటను కూడా ఆమెకే ఇచ్చేశాడు. అది నాగసాని గానుగెద్దు మెడలో చాలా ఏళ్ళు మోగింది.