జాడీలో చిట్టచివరి చీటీ

ఇటు జరుగు కన్నా, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. క... కథే కదా, చెప్తాను.

అనగనగా సముద్రం పక్కన, ఉప్పుమళ్ళ మధ్యన ఒక ఊరు. అక్కడ గాలి కూడా ఉప్పగా ఉండేది. కాగితం మీద సిరాతో రాస్తే చెమ్మకి అలుక్కుపోయేది, అందుకని అందరూ పెన్సిలుతోనే రాసేవాళ్ళు. ఆ పెన్సిలు చెక్కిన వాసన నాకిప్పటికీ... సరే, కథలోకి వద్దాం.

ఆ ఊళ్ళో పదకొండు మంది పిల్లలు కలిసి ఒక యువజన సంఘం పెట్టుకున్నారు. గ్రంథాలయం చూసుకునే రత్నం అక్క వాళ్ళకి పెద్ద. ఉప్పు పని మొదలయ్యే రోజున, ఆ ఏడు ఏం సాధించాలో ఒక్కొక్కరూ చీటీ రాసి గ్రంథాలయంలో పెట్టిన ఊరగాయ జాడీలో వేసేవాళ్ళు. ఒకడు సైకిలు నేర్చుకుంటానని, ఒకతె ఇంగ్లీషు పాసవుతానని.

ఏడాదికి మూడుసార్లు ఉప్పు కుప్ప పోసేవాళ్ళు. పోసినప్పుడల్లా జాడీ తెరిచేవాళ్ళు. నీ చీటీ పక్కవాళ్ళు చదువుతారు. కాలేదంటే ఎవరూ తిట్టరు. చీటీ సగానికి చింపి, ఖాళీగా ఉన్న ముక్క మీద ఇంకా చిన్న పని రాసుకోవాలి. మూడోసారీ కాకపోతే చీటీని కాలువలో వదిలేస్తారు. వదిలేసిన మాట మళ్ళీ ఏ ఏడూ రాయకూడదు. అదీ కట్టుబాటు.

ఆ సంఘంలో తాయారు అని ఒక పిల్ల ఉండేది. దానికి నత్తి. 'క' దగ్గర నాలుక అతుక్కుపోయేది. రోషం మాత్రం బోలెడు. "వంద మంది ముందు కథ చెప్తాను" అని రాసింది.

"వంద మందిని ఎక్కణ్ణించి తెస్తావే? కాకుల్ని కలుపుకున్నా మన ఊళ్ళో అంతమంది లేరు" అని నవ్వింది రత్నం అక్క.

మొదటి కుప్ప పోశారు. తాయారు నోరే విప్పలేదు. చీటీ చింపి "పదిమందికి" అని రాసింది.

ఆ తర్వాత రెండో కుప్ప పోశారు. సంఘం ముందు లేచి నిలబడింది. "క... క... క..." అక్కడే ఆగిపోయింది.

"బండి మొరాయించింది, తొయ్యండర్రా!" అన్నాడు సంఘంలోనే ఉన్న సోమరాజు. అందరూ నవ్వారు. తాయారు చీటీ మళ్ళీ చింపింది. మిగిలింది చింతగింజంత. అందులో పట్టింది ఒకే ఒక్క మాట, "ఒక్కరికి".

ఇక అదీ కాకపోతే కాలువే కదా.

అప్పుడు మూడో కుప్ప పోస్తుండగా మబ్బులు కమ్మాయి. ఉప్పు తడిస్తే ఏడాది కష్టం నీళ్ళే. అందరూ తాటాకులు పట్టుకుని కుప్పల మీదికి పరిగెత్తారు. ఉరుములకి ఏడుస్తున్న తన చెల్లెల్ని, మూడేళ్ళ బుల్లెమ్మని, రత్నం అక్క తాయారు ఒళ్ళో పడేసి పోయింది.

ఎంత ఊరుకోబెట్టినా ఆ పిల్ల ఏడుపు ఆపదే! చేసేది లేక తాయారు మొదలుపెట్టింది. "ఒక క... క... కాకి..."

బుల్లెమ్మ ఠక్కున ఏడుపాపింది. కాకి అలాగే అరుస్తుందనుకుంది. "క... క... ఆ తర్వాత?" అంది. తాయారు ఆగిన చోటల్లా అది చప్పట్లు కొట్టింది. కాకి ఎగిరింది, కుండ దొరికింది, కుందేలు కూడా వచ్చింది. ఎన్నిసార్లు ఆగినా కథ మాత్రం ఆగలేదు.

తడిసిన వాళ్ళందరూ వచ్చి గ్రంథాలయం గుమ్మంలో చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు. తాయారు చూడనే లేదు.

కథ ముగిశాక సోమరాజే జాడీలో చెయ్యి పెట్టి ఆ చింతగింజంత చీటీ తీశాడు. "ఒక్కరికి" అని చదివి, మెల్లిగా "అయిందా తాయారూ?" అన్నాడు.

"అవలేదు, ఇంకోటి!" అంది బుల్లెమ్మ.

ఏమిటే ఆ చూపు? అవును, నేనూ 'క' దగ్గర ఆగుతాను. ఆ చీటీ నా తాళాల గుత్తి సంచిలో ఉంది, పొద్దున చూపిస్తాలే.

ఉప్పంతా కొట్లోకి,
క... క... కథేమో కంచిలోకి,
కళ్ళు మూసి నువ్వేమో నిద్దర్లోకి!