నాంచారి కట్టె

అనగా అనగా, మన తాతల తాతలు కూడా ఇంకా తొట్టెల్లో ఊగని కాలంలో, చిలకలవాగు అనే ఊళ్ళో ఒక పెద్దబడి ఉండేది. ఊఁ కొట్టేవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. కునికిపాట్లు పడేవాళ్ళు గోడకి జరగండి. ఇది చావు ఉన్న కథ, మధ్యలో లేచి పోకూడదు.

ఆ బడి పాతరాజుగారు కట్టించారు. నీ కులమేంటి, నీ ఊరేంటి అని అక్కడ అడిగేవాళ్ళు కాదు. కల్లుగీసేవాడి కొడుకూ కరణంగారి కొడుకూ ఒకే చాప మీద చదివేవాళ్ళు, ఒకే పంక్తిలో తినేవాళ్ళు. బియ్యం రాజుగారివి, కట్టెలు రాజుగారివి, కప్పు మీద తాటాకు రాజుగారిది. చదువు పూర్తయి వెళ్ళేవాళ్ళు, "గురుదక్షిణ ఏమివ్వమంటారు అయ్యవారూ?" అని అడిగితే, భద్రయ్యవారు నవ్వి, "మీరు బాగుండండిరా, అదే చాలు" అనేవారు. ఆయన ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరగరు.

ఆ ఊళ్ళోనే నాంచారి ఉండేది. అడవికెళ్ళి కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అమ్ముకునే మనిషి. పిల్లల్లేరు. మొగుడు గంగులుదీ అదే పని. పాపం, వాడు ముసురు రోజుల్లో పోయాడు. ఊళ్ళో ఎండుపుల్ల దొరకలేదు. పచ్చికట్టె పొగ చిమ్మింది గాని మండలేదు. సగం కాలినవాణ్ణి వాగులో వదిలేశారు. బతికినన్నాళ్ళూ ఊరందరికీ కట్టెలు మోసినవాడికి కట్టె దొరకలేదు, చూశారా తలరాత!

ఆ రోజే నాంచారి గట్టిగా అనుకుంది. "నాకీ గతి పట్టకూడదు. దిక్కులేని శవంలా నన్ను వాగులో పారెయ్యకూడదు." అప్పట్నుంచి అడవిలో మంచి తుమ్మమొద్దు కనిపిస్తే అమ్మేది కాదు. తెచ్చి గుడిసెలో అటక మీద పేర్చుకునేది. "అటక మీద ఏం దాచావే నాంచారీ?" అని అమ్మలక్కలు వేళాకోళమాడితే, కొత్తకోడలు సారె చూపించినట్టు మురిపెంగా చూపించేది. "నా కాష్టం తల్లీ! నన్ను కాల్చడానికి కొడుకెటూ లేడు, కట్టెలైనా ఉండొద్దూ!" అనేది.

ఇలా ఉండగా పాతరాజుగారు పోయారు, కొత్తరాజుగారు వచ్చారు. ఆయనకి యుద్ధాలంటే మోజు. ఊళ్ళో బండ్లన్నీ దండు వెంట పోయాయి. బడికి కట్టెల బండి రాలేదు. తాటాకు బండి రాలేదు. గాదె అడుగున నాలుగు గింజలు మిగిలాయి, అంతే. అంతలో ముసురు పట్టింది. వాన, వాన, ఒకటే వాన. కప్పు కారింది, పొయ్యి ఆరింది. పిల్లలు నానబెట్టిన బియ్యం నములుతూ, చలిజ్వరాలతో మూలుగుతూ పడున్నారు.

నాంచారి అది చూసింది. ప్రాణం ఉసూరుమంది. ఆ రోజు అమ్మాల్సిన మోపు అక్కడే దించేసింది గాని, తడిసిన కట్టె అంటుకోలేదు. దాంతో తను రోజూ కట్టెలు పోసే ఇళ్ళవైపు నడిచింది.

ముందు పేరిశెట్టి ఇంటికి వెళ్ళింది. ధాన్యం వర్తకుడు, ఆ బడిలోనే చదువుకున్నవాడు. "శెట్టిగారూ, బడిలో పొయ్యి వెలగట్లేదు బాబూ. పిల్లలు పచ్చిబియ్యం నములుతున్నారు" అంది. శెట్టి నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. కాని ఏమన్నాడు? "రాజుగారి బడికి పెట్టడానికి మనమెవరమే నాంచారీ? పెడితే రాజుగారిని చిన్నబుచ్చినట్టు కాదూ!" అన్నాడు.

తరవాత వైద్యుడు నమశ్శివాయ ఇంటికి వెళ్ళింది. ఆయనా ఆ బడి బిడ్డే. "బడిలో పొయ్యి వెలగట్లేదు బాబూ" అంది. "అయ్యయ్యో!" అన్నాడు వైద్యుడు. "కాని రాజుగారి బడికి పెట్టడానికి మనమెవరం?" అన్నాడు.

ఆ తరవాత దివాణంలో పెద్ద కొలువు చేసే మల్లపరాజు ఇంటికి వెళ్ళింది. ఆయనా అక్కడే ఓనమాలు దిద్దాడు. "బడిలో పొయ్యి వెలగట్లేదు దొరా" అంది. మల్లపరాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాజుగారి బడికి పెట్టడానికి మనమెవరం?" అన్నాడు.

ముగ్గురూ చెడ్డవాళ్ళు కారండీ. ముగ్గురికీ ఆ బడంటే ప్రాణం. అయినా ఒకరి వంక ఒకరు చూస్తూ కూర్చున్నారు. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అన్నారా పెద్దలు!

నాంచారి గుడిసెకి వచ్చింది. "బడి రాజుగారిదే అనుకుందాం. మరి ఆకలెవరిది?" అని తనలో తనే గొణుక్కుంది. అటక వైపు చూసింది. గంగులు వాగులో కొట్టుకుపోయిన తీరు కళ్ళ ముందు ఆడింది. చెయ్యి పైకెత్తింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించేసింది. మూడోసారి ఎత్తి, "పోనీలే" అని మొద్దు కిందికి లాగింది.

ఉన్న ఒక్క తాటాకు గొడుగూ కట్టెలకి కప్పి, తను వానలో తడుస్తూ బడికి మోసింది. ఆ మొద్దుల్ని చూసి భద్రయ్యవారు రెండడుగులు వెనక్కి వేశారు.

"వద్దమ్మా! ఇవి నీ కాష్టం కట్టెలు. కాష్టానికి దాచినవాటితో అన్నం వండితే మహా అశుభం. తినే పిల్లలకీ కీడు, నీకూ కీడు."

"కట్టెకేం తెలుసు అయ్యోరూ, పీనుగ కింద మండుతోందో ఎసరు కింద మండుతోందో!" అంది నాంచారి. "నేను రేపో మాపో పోయేదాన్ని. ఈ బిడ్డలు ఇవాళ పోయేటట్టున్నారు. జరుగు బాబూ, పొయ్యి రాజెయ్యనీ."

అయ్యవారు జరిగారు. పొయ్యి రాజుకుంది. పిల్లలు వేడివేడి గంజి తాగారు. మొద్దు అయిపోగానే నాంచారి ఇంకోటి తెచ్చింది. అదీ అయిపోతే ఇంకోటి తెచ్చింది. జ్వరాలు దిగాయి, పిల్లలు లేచి కూర్చున్నారు. అటక ఖాళీ అయింది.

తడిసి తడిసి నాంచారి మంచాన పడింది. నమశ్శివాయ వచ్చి నాడి చూసి, తల దించుకున్నాడు. భద్రయ్యవారు పక్కన కూర్చున్నారు. నాంచారి ఆయన చెయ్యి పట్టుకుంది. "అయ్యోరూ, నన్ను వాగులో మాత్రం వెయ్యనీయకండి" అంది. "వెయ్యనీయనమ్మా" అన్నారాయన. ఆ మాట విని కన్ను మూసింది.

వాన మాత్రం తగ్గలేదు. ఊరి పెద్దలు గుడిసె ముందు చేరారు. "ఎండుకట్టె ఎక్కడుంది? గొయ్యి తీద్దామంటే నీళ్ళూరుతున్నాయి. ఇక వాగే గతి" అన్నారు. భద్రయ్యవారు లేచారు. ఎన్నడూ చాచని చెయ్యి చాచి వీధిలోకి నడిచారు.

"ఒరేయ్ పేరిశెట్టీ, నా గురుదక్షిణ ఇయ్యరా!"

శెట్టి పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "చెప్పండి అయ్యవారూ, ఏం కావాలి?"

"ఒక ఎండుకట్టె."

"ఊరంతా నానిపోయింది కదండీ, ఎండుకట్టె ఎక్కణ్ణుంచి..."

అయ్యవారు ఇంట్లోకి చూశారు. నట్టింట్లో ఉయ్యాలబల్ల వేలాడుతోంది. నిండు టేకు, శెట్టిగారి తల్లి పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. శెట్టి దాన్ని చూశాడు. ఏడుపు ఆగలేదు. "అడిగింది అయ్యవారూ, నన్నే ముందడిగింది!" అంటూ తన చేత్తోనే గొలుసులు విప్పి, బల్ల భుజాన ఎత్తుకున్నాడు.

నమశ్శివాయ మందులన్నీ పైపంచెలో కుమ్మరించి, మందుల పెట్టె ఇచ్చాడు. మల్లపరాజు పల్లకి దండె ఊడదీసి, దాన్ని మోస్తూ కాలినడకన వచ్చాడు. అది చూసి ఊరు కదిలింది. మంచం కోళ్ళు వచ్చాయి, పీటలు వచ్చాయి, రోకళ్ళు వచ్చాయి, తలుపులు వచ్చాయి. పొరుగూళ్ళలో ఉన్న పాత విద్యార్థులు కబురు తెలిసి, ఇంట్లో ఏ ఎండుచెక్క ఉంటే అది చాపలో చుట్టుకుని పరుగెత్తుకొచ్చారు. రాజులకైనా అంత కాష్టం పేర్చి ఉండరు. మంట అందుకునేదాకా బడిపిల్లలు తాటాకు చాపలు ఎత్తి పట్టుకుని వానకి అడ్డు నిలబడ్డారు. తలకొరివి భద్రయ్యవారు పెట్టారు.

ఇంకా ఎంతో చెక్క మిగిలిపోయింది. దాన్ని బడికే మోశారు. దాని వెనకే బియ్యం వచ్చింది, తాటాకు వచ్చింది. మనమెవరం అన్న మాట ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు. మరి కొత్తరాజుగారు చిన్నబుచ్చుకున్నారా అంటారా? ఆయనకి ఆ సంగతే తెలియదు!

తరవాత ఎందరో ప్రభువులు వచ్చారు, పోయారు. బడి మాత్రం నిలిచింది. ఏటా తొలకరికి ముందు, అక్కడ చదువుకున్నవాళ్ళు ఎక్కడున్నా వస్తారు, రాలేనివాళ్ళు పంపుతారు. గాదె నింపేవాడు నింపుతాడు, గది కట్టించేవాడు కట్టిస్తాడు. ఏమిచ్చినా దాని మీద ఒక ఎండుకట్టె పెట్టాలి. కట్టె లేని కానుక బడివాళ్ళు పుచ్చుకోరు. ఏమీ లేనివాడు కట్టె ఒక్కటే తెస్తాడు, వాడికీ అదే పంక్తిలో విస్తరి వేస్తారు. దాన్నే నాంచారి కట్టె అంటారు.

ఆ కట్టెలు పేర్చే కొట్టానికి రెండు తలుపులు. ఒకటి వంటింట్లోకి, ఒకటి వీధిలోకి. వీధి తలుపుకి గడియ ఉండదు. ఎవరూ లేని ముసలివాళ్ళు కన్ను మూసినా, దారినపోయే బైరాగి సత్రంలో ప్రాణం విడిచినా, ఎవరినీ అడగక్కర్లేదు, అక్కడి కట్టె తీసుకుంటారు. బడిపిల్లలే మోసుకెళ్తారు. చిలకలవాగులో ఈనాటికీ ఏ శవాన్నీ దిక్కులేనిది అనరు.